గుండ్రటి మూలల మంచం

రంగూన్,
1923 ఫిబ్రవరి, మాఘ పౌర్ణమి మర్నాడు

చిరంజీవి సౌభాగ్యవతి మరదలు తాయారమ్మకు,

మీ వదిన సూర్యావతి ఆశీస్సులు. నిన్న మాఘస్నానం. సముద్రం ఇక్కడికి దూరం కాబట్టి ఏట్లోనే మునిగాను. నీ పేరు చెప్పి కూడా ఒక మునక వేశాను. నీళ్లు బురదగా ఉన్నా మనసు తేలికపడింది.

ఇంట్లో ఒక కొత్త పని మొదలైంది. నా తమ్ముడు, మీ ఆయన, పుస్తకం రాస్తున్నాడు. ఇన్నేళ్లుగా స్కూల్లో పిల్లలకు ఎవరి నాటకాలు పాఠం చెబుతున్నాడో, ఆ ఇంగ్లీషు నాటకకర్త జీవితం తెలుగులో రాయాలని వాడి కోరిక. ఆ నాటకాలన్నీ కలిపి మొదటిసారి అచ్చువేసి ఈ ఏటికి మూడు వందల ఏళ్లట. ఆ పేరు పలకాలంటే నాకే నోరు తిరగదు. మనిద్దరి మధ్య ఆయన్ని నాటకాల దొర అనుకుందాం.

వాడు చెబుతాడు, నేను రాస్తాను. స్కూలు నుంచి వచ్చేసరికి అలసిపోతున్నాడు, అందుకని. ఇంగ్లీషు పుస్తకాలు పైకి చదవడానికి సాయంత్రాలు టిన్ ఆంగ్ వస్తాడు. వాళ్లమ్మ మన శ్రీకాకుళం వైపు మనిషి, తండ్రి బర్మా ఆయన. పూర్వం తమ్ముడి దగ్గర చదువుకుని ఇప్పుడు రేవు ఆఫీసులో గుమాస్తాగా ఉన్నాడు. గురువుని ఇక్కడి పద్ధతిలో "సయా" అంటాడు, మిగతాదంతా మన మాటే.

ఇంతవరకు రాసింది చెబుతాను. ఏటి ఒడ్డున చిన్న ఊరు. తండ్రి తోలుతో చేతితొడుగులు చేసి అమ్మేవాడు. దొరకు పద్దెనిమిదో ఏట పెళ్లయింది. పెళ్లికూతురు ఎనిమిదేళ్లు పెద్ద. ఒక ఆడపిల్ల పుట్టింది, ఆ తరవాత కవలలు, ఒక ఆడ, ఒక మగ. కొన్నాళ్లకు భార్యాపిల్లల్ని ఊళ్లో ఉంచి ఆయన పట్నం వెళ్లిపోయాడు. ఎందుకు వెళ్లాడో ఎవరికీ సరిగ్గా తెలియదట. అక్కడ నాటకశాలలో వేషాలు వేశాడు, నాటకాలు రాశాడు, పేరు తెచ్చుకున్నాడు.

ఇదంతా నీకెందుకంటావేమో. మీ బిడ్డ గోపాలం పోయి పదేళ్లు కావస్తోంది. అప్పటి నుంచి మీరిద్దరూ ఒకరికొకరు ఒక్క ఉత్తరం రాసుకోలేదు. నా ఉత్తరం చివర వాడు రాసే "కూర్మనాథం క్షేమం" అన్న ముక్క తప్ప నీకేమీ లేదు. మధ్యలో నిలబడి ఇటు క్షేమం అటూ, అటు క్షేమం ఇటూ అందిస్తున్నాను. నేను ఉండగానే మీరిద్దరూ ఒక ఇంట్లో భోంచేయడం చూడాలని రోజూ దీపం ముందు అడుగుతున్నాను. వినేవాడు వింటున్నాడనే నా నమ్మకం. పుస్తకం సాకుతోనైనా నాలుగు మాటలు అటూ ఇటూ కదులుతాయని రాస్తున్నాను. విసుక్కోకు.

సూర్యావతి


భీమునిపట్నం,
ఉగాది వెళ్లిన మూడో నాడు

పూజ్యులు వదినగారికి,

తాయారమ్మ నమస్కారాలు. అక్కడ వేపపువ్వు దొరికిందో లేదోనని ఎండబెట్టి ఈ కవర్లో కొంచెం పెట్టాను. చారులోకి పనికొస్తుంది.

పుస్తకం రాసుకోనివ్వండి. చదువంటే ఆయనకు ప్రాణం, అది నాకు తెలియనిది కాదు.

మీ ఉత్తరం అచ్చమ్మ పిన్నికి చదివి వినిపించాను. పిన్ని ఈ మధ్య నాకు తోడుగా మనింట్లోనే ఉంటోంది. ఎనిమిదేళ్లు పెద్ద పెళ్లికూతురు అనగానే పత్తి వత్తులు పక్కన పెట్టేసింది. "అయితే ఆ గుంటడికి అత్తగోరు, పెళ్లాం ఒక్కర్తేనన్నమాట. తిట్టినా కొట్టినా మాటాడకుండా పడుండాల" అంది. చాలా రోజులకు నవ్వాను.

ఒక్కటి అడుగుతాను. ఆయన పట్నం వెళ్లి ఏం చేశాడో రాశారు. ముగ్గురు పిల్లలతో ఊళ్లో ఉండిపోయిన ఆవిడ ఏం చేసిందో రాయలేదు. పుస్తకంలోనే లేదా, మీరు వదిలేశారా?

ఈసారి ఉత్తరం చివర ఆయన ముక్క లేదు. మరిచిపోయి ఉంటారు.

తాయారమ్మ


రంగూన్,
మే, 1923

చిరంజీవి తాయారమ్మకు,

మీ వదిన దీవెనలు. నీ వేపపువ్వుతో చారు పెట్టాను. గిన్నె ఇంకా వంటింట్లో ఉండగానే వాడు ముందుగదిలోంచి "భీమిలి వాసన వస్తోందప్పా" అన్నాడు. రెండోసారి వడ్డించుకున్నాడు.

నీ ప్రశ్న వాడినే అడిగాను. "ఆ భార్య అన్నేళ్లు ఏం చేసిందిరా?" అన్నాను.

"కాగితం లేదప్పా" అన్నాడు.

"కాగితం లేకపోతే మనిషి లేనట్టా?"

"పెళ్లికి కాగితం ఉంది, పిల్లలు పుట్టినప్పుడు ఉంది, చచ్చిపోయినప్పుడు ఉంది. నడుమ బతికిన బతుకు ఎవరూ రాసిపెట్టలేదు" అన్నాడు. అడిగింది నువ్వని నేను చెప్పలేదు. వాడికి తెలిసిపోయిందనుకుంటాను.

ఆదివారాలు వాడు ధాన్యం మిల్లు కూలీల బారకుకు వెళ్లి కథలు చెబుతాడని ఇదివరకు రాశాను కదా. దొర నాటకాల కథలే. రాజుల పేర్లు మార్చి మన పేర్లు పెడతాడు. మొన్న నేనూ వెళ్లాను. ఈసారి నాటకం కాకుండా దొర జీవితమే చెప్పాడు. బస్తాలు మోసే దేముడని ఒకడున్నాడు, పలాస వైపు వాడు. గెడ్డం కింద చెయ్యి పెట్టుకుని అంతా విని, ఉన్నట్టుండి తొడ చరిచాడు.

"అయ్యగోరూ, ఊర్లో పెళ్లాంబిడ్డల్నొగ్గీసి పట్నం ఎల్లిపోనాడు. అంటే ఈ దొరా రంగం ఎల్లినోడేనన్నమాట!"

బారకు బారకంతా నవ్వింది. నవ్వనివాడు లేడు, ఊళ్లో భార్యను వదిలి ఈ రంగూన్ చేరనివాడూ లేడు. ఆ నవ్వు ఆగాక ఒక ముసలాయన మెల్లగా అడిగాడు: "మరి తిరిగెల్లేడా నేదా, అది సెప్పండి బాబూ ముందు."

"వెళ్లాడు" అన్నాడు తమ్ముడు. "బాగా గడించి ఊళ్లో పెద్ద ఇల్లు కొన్నాడు. చివరికి అక్కడికే చేరాడు."

"పెళ్లాం గుమ్మంలోకి రానిచ్చిందేటి?" అని దేముడు కన్ను కొట్టాడు.

మళ్లీ నవ్వులు. తమ్ముడు మాత్రం నవ్వలేదు. "అది ఎవరూ రాయలేదు" అన్నాడు. ఆ తరవాత కథ సాగలేదు.

మర్నాడు కొడుకు చావు దగ్గరికి వచ్చాం. ఆ కవలల్లో మగపిల్లవాడు. పదకొండేళ్లు. నా చేతిలో కలం ఆగిపోయింది. వాడు గొంతు మారకుండా "కుమారుడు పదకొండవ యేట మరణించెను" అని చెప్పి, "ఈ పూటకు చాలప్పా" అని లేచాడు. తలుపు రెక్క తగిలి, అక్కడే కాసేపు నిలబడిపోయాడు.

మన గోపాలానికీ పదకొండే. ఈ సంగతి ఉత్తరంలో పెట్టకూడదనుకున్నాను. పెట్టకుండా ఉండలేకపోయాను.

వాడి ముక్క గురించి అడిగావు. కలం నా చేతిలోనే ఉండిపోతోంది, అంతే. క్షేమంగానే ఉన్నాడు.

సూర్యావతి


భీమునిపట్నం,
జూన్, 1923

వదినగారికి,

సముద్రం లేచింది. రాత్రింబవళ్లు హోరు. పడవలన్నీ ఇసక మీదికి లాగేశారు.

ఆ రోజు సంగతి మనం ఎప్పుడూ మాట్లాడుకోలేదు. మీరు అక్కడున్నారు. ఆయన మీకు ఏం చెప్పారో నాకు తెలియదు. నేను చూసింది చెబుతాను.

తంతి అందగానే ఆయన మొదటి స్టీమరుకే బయల్దేరారు. ఇలాగే ఆషాఢం ముందు రోజులు. జ్వరం తగ్గీ పెరిగీ గోపాలం ఇంకా కళ్లు తెరుస్తూనే ఉన్నాడు. స్టీమరు వచ్చి మన రేవుకెదురుగా సముద్రంలోనే నిలిచింది. మనుషుల్ని దింపి తేవడానికి ఒడ్డు నుంచి పడవ వేస్తే అల దాన్ని తిరగేసి పారేసింది. రెండోది వేశారు. అదీ అంతే. నేను ఒడ్డునే ఉన్నాను. స్టీమరు మీద మనుషులు చీమల్లా కనబడుతున్నారు. అందులో ఆయన ఎవరో తెలియలేదు. ఇంటికొస్తే వాడు "నాన్న దిగాడా?" అన్నాడు. దిగుతున్నారన్నాను.

స్టీమరు ఆగలేక కాకినాడ పోయింది. ఆయన అక్కణ్ణుంచి రైలూ బండీ పట్టుకుని వచ్చేసరికి అయిపోయింది.

ఆయన తప్పు లేదు. నా తప్పూ లేదు. సముద్రంతో పోట్లాడలేం కాబట్టి ఒకరి మొహం ఒకరు చూసుకోవడం మానేశాం. వెళ్లేనాడు గుమ్మంలో నిలబడ్డారు. నేను అటు తిరిగి ఉన్నాను. ఉండమని నేననలేదు. రమ్మని ఆయనా అనలేదు.

ఆ దొర సంగతి అడగండి. కొడుకు పోయేవేళకు ఇంటికి చేరాడా? పుస్తకంలో ఏముందో నాకక్కర్లేదు. మీ తమ్ముడు ఏమనుకుంటున్నారో చెప్పమనండి.

తాయారమ్మ


రంగూన్,
ఆగస్టు, 1923

చిరంజీవి తాయారమ్మకు,

వాన తెరిపి ఇవ్వడం లేదు. గోడకున్న దేవుడి పటాలకు చెమ్మ పట్టకుండా రోజూ తుడుస్తున్నాను.

నీ ఉత్తరం వాడికి పూర్తిగా చదివి వినిపించాను. పడవల దగ్గర ఒకసారి ఆగాను. "చదువప్పా" అన్నాడు. మర్నాడు స్నానం చేసి వచ్చి కూర్చున్నాక "రాసుకో" అన్నాడు.

"కొడుకు పోయేవేళకు తండ్రి ఇల్లు చేరెనో లేదో ఎవరికీ తెలియదు. చేరలేకపోయి ఉంటే, ఆ తరవాత ఆయన రాసిన ప్రతి మాటా ఆ ఇంటివైపు చూస్తూ రాసినదే అని నేను అనుకుంటాను."

ఆ వెంటనే, "చివరి వాక్యం కొట్టెయ్. చరిత్ర కాదది" అన్నాడు. సరేనన్నాను. కొట్టెయ్యలేదు.

పుస్తకం చివరి భాగానికి వచ్చింది. దొర యాభై రెండో ఏట పోయాడు. ఏడేళ్ల తరవాత, ఆయనతో కలిసి వేషాలు వేసిన ఇద్దరు స్నేహితులు నాటకాలన్నీ ఒకచోట చేర్చి అచ్చు వేయించారు. వాళ్లు ఆ పని చేయకపోతే సగం నాటకాలు ఈ లోకానికి లేకుండా పోయేవట. ఆ రెండు మంచి మనసుల వల్ల ఆయన మాట ఇంగ్లీషు సీమ దాటి, ఎక్కడో రంగూన్లో మన మిల్లు కూలీల బారకుదాకా వచ్చింది. భగవంతుడు ఎవరి నోట పలికించాలనుకుంటాడో, దాన్ని మోయడానికి ఎవరి భుజాలు చూపిస్తాడో!

అయితే నాకు మింగుడుపడని సంగతి ఒకటుంది. ఆ పుస్తకం బయటికి వచ్చిన ఏడే, కొన్ని నెలల ముందు, ఆయన భార్య కాలం చేసింది. పుస్తకం కళ్లచూడలేదు. అందరూ పుస్తకానికి మూడు వందల ఏళ్లంటున్నారు. ఆవిడ పోయీ మూడు వందల ఏళ్లే. మొన్న గుడిలో దీపం పెట్టినప్పుడు ఆవిడ పేరున కూడా ఒక వత్తి వేశాను. మన మతం కాదని దేవుడు కోప్పడడనే అనుకుంటాను.

ఇంకొకటి. వీలునామాలో భార్య పేరున ఆయన రాసింది ఒక మంచం. అదీ ఇంట్లో ఉన్న మంచి మంచం కాదు, దాని తరవాతది. టిన్ ఆంగ్ అది చదివి, పుస్తకం మూసి, "ఏటి సయా ఇది! అన్ని రాజ్యాలు, అన్ని కిరీటాలు పంచి పెట్టిన చెయ్యి, పెళ్లానికి పాత మంచమా?" అన్నాడు. పండితులు దీని మీద ఇప్పటికీ కొట్టుకుంటున్నారట. ఎదురింటి డా ఖిన్ ఖిన్‌కు చెబితే, "మనిషి పోయి మూడు వందల ఏళ్లయినా మొగుడూ పెళ్లాల తగువు తీరలేదా?" అని తాంబూలం నోట్లో పెట్టుకుంది.

సూర్యావతి


భీమునిపట్నం,
సెప్టెంబరు, 1923

వదినగారికి నమస్కారాలు.

ఆయన చెప్పిన రెండో వాక్యం కొట్టెయ్యకండి. నేను అడిగానని చెప్పండి.

మంచం సంగతి పిన్ని వదలడం లేదు. నీళ్లకొచ్చిన వాళ్లకూ పాలమనిషికీ చెప్పింది. నాకు మాత్రం ఒక అనుమానం. మన ఇళ్లలో మంచి మంచం వీధిగదిలో వేసి చుట్టాలకిస్తాం. ఆలుమగలు పడుకునేది లోపలి మంచం. అది రెండోదే కదా. ఆ దొర ఇచ్చింది ఏ మంచమో తెలిస్తేగాని నేను కోప్పడను. పిన్ని ఒప్పుకోదు. "సచ్చేవోడు మంచమిచ్చాడంటే శయ్యాదానమే, ఇంకేటి!" అంటుంది. మనిషి పోయిన పదకొండో రోజున బ్రాహ్మడికి మంచం, పరుపు దానమివ్వడం ఒక్కటే తను చూసిందట.

ఆయన ముక్క ఈసారీ లేదు. వరసగా లేదు. కలం ఒక్క నిమిషం ఆయన చేతికివ్వలేరా?

తాయారమ్మ


రంగూన్,
కార్తీక మాసం, 1923

చిరంజీవి తాయారమ్మకు,

ఉత్తరం చిన్నదిగా రాస్తున్నాను. టపా స్టీమరు రేపే.

ఇదే స్టీమరు మీద నీకు ఒక మంచం వస్తోంది. టేకుది. తమ్ముడు చేయించాడు. ఏరు దాటి దలా వెళ్లి, సోయ్ విన్ అనే వడ్రంగి ఇంటి దగ్గర పొద్దుట్నుంచి సాయంకాలం దాకా కూర్చుని, తన చేత్తో తడిమి మరీ కొలతలు చెప్పాడు. ఎందుకురా అంటే చెప్పడు. నాకు తెలిసినంత నేనూ చెప్పకూడదని ఒట్టు పెట్టించుకున్నాడు. నువ్వు దాన్ని ఇంట్లో వేయించుకుని, వేయించుకున్నానని ఒక్క ముక్క రాస్తే చాలు.

పుస్తకం పూర్తయినట్టే. ఒక్క అధ్యాయం మిగిలింది.

సూర్యావతి


భీమునిపట్నం,
డిసెంబరు, 1923

వదినగారికి,

మంచం వచ్చింది. ఇంటికి తేలేదు. రేవు గిడ్డంగిలోనే ఉంది.

పడవల మేస్త్రీ బంగారురాజు కబురు పెడితే వెళ్లి చూశాను. నలుగురైదుగురు చుట్టూ చేరి ఉన్నారు. "రంగం టేకంటే నిగనిగలాడిపోవాల. ఇదేటమ్మగోరూ, మూలలన్నీ చెక్కేసినారు, ఎత్తు సూస్తే సంటిపిల్లలదిలాగుంది" అన్నాడు. నిజమే. కోళ్లు పొట్టివి. నాలుగు మూలలూ అరగదీసినట్టు గుండ్రంగా ఉన్నాయి. రెండో రకం మంచం అంటే ఎలా ఉంటుందో చూశాను.

మంచం మన వైపు పుట్టింటి నుంచి పెళ్లికూతురితో వస్తుంది. మగవాడు ఇంటికి మంచం పంపడం నేనెక్కడా వినలేదు, పిన్ని చెప్పే ఆ ఒక్క సందర్భంలో తప్ప. అక్కడున్నవాళ్లలో ఎవరో ఆ మాట పైకే అనేశారు. నేను కొంగు నోటికడ్డం పెట్టుకుని ఇంటికొచ్చాను.

ఏడాదిగా మీ ఉత్తరాల్లో ఆయన చేతి అక్షరం ఒక్కటి లేదు. ఇంగ్లీషు పుస్తకం ఇంకొకరు చదివిపెట్టాలి, తెలుగు మీరు రాయాలి. ఇప్పుడు మంచం. మీరు అబద్ధం ఆడరు, అది నాకు తెలుసు. చెప్పకుండా ఉండడం మాత్రం మీకు వచ్చు.

వదినగారూ, ఆ దేవుడి పటం మీద చెయ్యివేసి చెప్పండి. ఆయన ఉన్నారా? ఉంటే, నాకు ఈ మంచం పడేసి అక్కడే ఉండిపోవాలనుకుంటున్నారా? నుదుట బొట్టు పెట్టుకునే ముందు ప్రతిసారీ, పెట్టుకోవచ్చునా అని ఆగుతున్నాను.

తాయారమ్మ


రంగూన్,
జనవరి, 1924

నా తల్లీ, తాయారూ,

ఉన్నాడు. ముందు ఆ మాట చదువుకో. ఉన్నాడు, నా ఎదురుగా కూర్చుని ఉన్నాడు. నీ పసుపుకుంకాలకు ఏ లోటూ లేదు.

వాడికి కళ్లు కనబడడం లేదు. నీటికాసులని డాక్టరు చెప్పాడు. కుడికన్ను నిరుడే పోయింది. ఎడమ కంటికి కిటికీ ఎటుందో తెలిసేంత వెలుగు మిగిలింది. అది కూడా ఉండదట. పాఠాలన్నీ కంఠతా వచ్చు కాబట్టి దసరా సెలవుల దాకా స్కూలు లాక్కొచ్చాడు. ఆ తరవాత మానేశాడు.

నీకు రాస్తానంటే వద్దన్నాడు. "గుడ్డివాణ్నని జాలిపడి పిలిస్తే నేను వెళ్లలేనప్పా. కళ్ల సంగతి తెలియకుండా రానిస్తే అప్పుడు వెళతాను" అన్నాడు. నీకు తెలుసుకదా, రంగం వదిలి ఊరు చేరేవాళ్లు బరువు సామాను ఒక స్టీమరు ముందు పంపిస్తారు. సామాను ఇంట్లోకి చేరిందని కబురొస్తేనే మనిషి టిక్కెట్టు కొంటాడు. వాడూ అదే చేశాడు. తాయారమ్మ దాన్ని గుమ్మం దాటిస్తే రమ్మన్నట్టు, లేకపోతే లేదు, నోటితో అడగక్కర్లేదు అనుకున్నాడు. పదేళ్లు మాట్లాడుకోని మనుషులకు అలాంటి తెలివితేటలే వస్తాయి. దొర మంచం సంగతి నీకు రాసినదాన్ని నేను. ఆ కథ నీ చెవిన పడ్డాక మంచం పంపితే నువ్వేమనుకుంటావో నాకూ తట్టలేదు, వాడికీ తట్టలేదు.

అది వాడి మంచం, తాయారూ. కోళ్లు పొట్టివి ఎందుకంటే, కాలికి నేల అందక ఇక్కడ వాడు రెండుసార్లు పడ్డాడు. మూలలు గుండ్రంగా ఎందుకంటే, మోకాళ్ల మీద దెబ్బలు మానకముందే కొత్తవి తగులుతున్నాయి. సోయ్ విన్ మంచి పనివాడు. నగిషీ చెక్కుతానని బతిమాలాడు. వాడే వద్దన్నాడు.

నీ ఉత్తరం వాడికి చదివాను. శయ్యాదానం మాట దగ్గర నవ్వాడు. నీ బొట్టు మాట దగ్గర లేచి గోడ పట్టుకున్నాడు. "అప్పా, కలం ఇలా ఇయ్యి" అన్నాడు. ఒట్టు తనే తీసేశాడు.

మిగిలిన అధ్యాయం ఆ భార్యది. మూడుసార్లు మొదలుపెట్టి ఆపించాడు. "ఊళ్లో ఉండిపోయినావిడ ఏం చేసిందో నాకు తెలియదు. తెలిసిన మనిషి భీమిలిలో ఉంది" అన్నాడు.

కింద ఉన్నది వాడి రాతే. పంక్తి ఎక్కడికి పోతోందో వాడికి తెలియదు. నేను చెయ్యి పట్టుకోబోతే విదిలించుకున్నాడు.

సూర్యావతి

కూర్మనాథం క్షేమం. తాయారూ, రావచ్చునా?


భీమునిపట్నం,
ఫిబ్రవరి, 1924

పూజ్యులు వదినగారికి,

మీరు రాసినదానికంటే కింద ఉన్న పంక్తి చదవడానికి ఎక్కువసేపు పట్టింది. అక్షరాలు ఒకదాని మీద ఒకటి ఎక్కాయి. "తాయారూ" అన్నచోట కాగితం చిరిగింది. పిన్ని అడిగితే చూపించలేదు.

మీ మీద కోపం వచ్చింది. పూజ చేసుకునేసరికి తగ్గింది. ఏడాదిపాటు ఒట్టు మోసినవారు మీరు, ఇంక ఏమనను?

మంచం తెచ్చాను. బండి మీద ఇంటిదాకా వచ్చింది, ద్వారంలో పట్టలేదు. బంగారురాజు మనుషులు అడ్డంగా తిప్పారు, నిలువుగా ఎత్తారు. "అమ్మగోరూ, వసారాలో వేసేద్దామా?" అన్నాడు. వద్దన్నాను. వడ్రంగిని పిలిచి ద్వారబంధం ఊడదీయించాను. గుమ్మం కదిపించానని మీరు నొచ్చుకుంటారు. మళ్లీ నిలబెట్టించి పసుపు రాసి, బొట్లు పెట్టి, కొబ్బరికాయ కొట్టాను. లోపలి గదిలో వేశాను. వీధిగదిలోని మంచి మంచం మీకు. నేను కళ్లు మూసుకుని గదంతా తిరిగి చూశాను. నీళ్ల బిందె, దీపం స్టాండు దారికి అడ్డమొచ్చాయి, తీసేశాను.

జాలిపడి పిలుస్తున్నానని అనుకోవద్దని చెప్పండి. జాలి నామీద నాకే ఎక్కువ ఉంది, పంచిపెట్టేంత లేదు.

ఆవిడ ఏం చేసిందో నేను చెబుతాను. కాగితం లేకపోతే ఏం? తెల్లారకముందే లేచింది. వాకిలి ఊడ్చింది. కొడుకు పోయిన మర్నాడు కూడా ఊడ్చింది. ఎవరైనా పట్నం నుంచి వచ్చారంటే పనున్నట్టు ఆ వీధినే వెళ్లింది. మిగతాది ఆయన వచ్చి కూర్చుంటే చెబుతాను, మీరు రాయండి. ఆవిడ పుస్తకం చూడకుండా పోయిందన్నారు. ఈ పుస్తకం నేను చూస్తాను. చూడడమేమిటి, నేనే పైకి చదువుతాను. ఆయన వినాలి.

ఆషాఢం దాకా ఆగొద్దు. సముద్రం ఇప్పుడు నిమ్మళంగా ఉంది. రాబోయే స్టీమరుకే టిక్కెట్లు తీయించండి. మీ గుడినీ డా ఖిన్ ఖిన్‌నూ వదిలి రావడం మీకు కష్టమే. అయినా ఆయన్ని ఒంటరిగా పంపొద్దు, మీరు కూడా ఉండాలి. మీరు అడిగింది ఇద్దరం ఒక ఇంట్లో భోంచేయడం చూడాలని కదా. చూసేవాళ్లు లేకపోతే ఎలా?

బంగారురాజుతో మాట్లాడాను. స్టీమరు ఆగగానే ముందు అతని పడవే వెళుతుంది. అందులో నేనూ వస్తానన్నాను. "అమ్మగోరూ, పేగులు నోట్లోకొచ్చేస్తాయి, ఒడ్డునుండండి" అన్నాడు. ఒడ్డున ఒకసారి నిలబడ్డాను, చాలు అన్నాను.

కింది నాలుగు మాటలు ఆయనకు చదివి పెట్టండి.

మీకు,

మంచం గుమ్మం దాటింది. రండి.

స్టీమరు మీంచి నిచ్చెన మెట్లు దిగేటప్పుడు పడవ ఎటుందో మీకు కనబడదు. పడవవాళ్లు అందరూ ఒక్కసారే అరుస్తారు, వాళ్ల మాట వినకండి. నేను పిలుస్తాను. మీ పేరు పెట్టి ఎప్పుడూ పిలవలేదు, ఇప్పుడూ పిలవలేను. పిలవడానికి నాకున్నది ఒక్కటే పిలుపు, పదేళ్లుగా నోట్లోనే ఉండిపోయింది. "గోపాలం నాన్నగారూ" అంటాను. ఆ గొంతు వచ్చిన వైపు అడుగు వేయండి.

తాయారమ్మ